చెత్త ఫైళ్ల అప్పగింత

చింతపండు అభివృద్ధి మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఒకే ఒక కంప్యూటరు ఉండేది. ఉదయం పదింటికి మీట నొక్కితే పదీ ఇరవైకి కళ్లు తెరిచేది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరును తయారుచేసిన కంపెనీవాళ్లే దాన్ని గాలికొదిలేసి చాలా ఏళ్లయింది. కార్యాలయం మాత్రం వదల్లేదు. వదలాలంటే ఎవరి సంతకం కావాలో తేలలేదు. ఆ ఇరవై నిమిషాలూ సీనియర్ అసిస్టెంటు తవిటినాయుడు నల్లని తెర మీద తన ముఖాన్ని చూసుకుంటూ కూర్చునేవాడు. ఆరేళ్లలో ఏ అద్దంలోనూ అతను తనని అంత శ్రద్ధగా చూసుకోలేదు.

ఆ మే నెలలో బదిలీల మీద నిషేధం ఎత్తేశారు. పదిహేను రోజుల గడువు. తవిటినాయుడిది పాలకొండ. భార్య ఝాన్సీ అక్కడే బళ్లో టీచరు. చిత్తూరు జిల్లాలోని ఈ ఊరికీ పాలకొండకీ మధ్య రెండు రైళ్లు, ఒక బస్సు, ఆరేళ్లు. పెళ్లయిన ఎనిమిదో నెలలో పడిన పోస్టింగు ఇది. భార్యాభర్తల కేటగిరీలో పెట్టుకుంటే ఈసారి ఖాయమని అందరూ అన్నారు. కాకపోతే దరఖాస్తును కార్యాలయం పేరిట నమోదైన కంప్యూటరు నుంచే పంపాలని, బయటి నుంచి పంపినవి చెల్లవని సర్క్యులరులో మూడో పేరా చెప్పింది.

మొదటి రోజే దరఖాస్తు నింపాడు. స్కాన్ చేసిన సర్వీసు రిజిస్టరును జతచేయబోతే తెర మీద ఒక చిన్న పెట్టె లేచింది. డిస్కులో స్థలం లేదట. అనవసరమైన ఫైళ్లను తుడిచేయమంటారా అని వినయంగా అడిగింది. ఎన్ని ఉన్నాయో కూడా చెప్పింది: నలభై ఒక్క వేల మూడు వందల పదహారు. కింద రెండే మాటలు. అవును, కాదు.

తవిటినాయుడు 'అవును' మీదికి బాణం గుర్తును జరిపాడు.

"ఏం నాయుడూ, ఏం కొడతా ఉండావు?" అంది వెనక నుంచి సూపరింటెండెంటు దమయంతి.

"చెత్త ఫైళ్లు మేడం. తుడిచేస్తే నా దరఖాస్తుకి చోటొస్తాది."

"ఫైళ్లా?" ఆమె కుర్చీలోంచి లేచింది. "ఎల్.డిస్సా, డి.డిస్సా?"

కార్యాలయంలో పుట్టిన ప్రతి కాగితానికీ మూడు గతులున్నాయి. ఏడాది ఉంచి కాల్చేది ఎల్.డిస్. పదేళ్లు ఉంచి కాల్చేది డి.డిస్. సృష్టి ఉన్నంతకాలం ఉంచేది ఆర్.డిస్. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో ఏ గతీ పట్టని కాగితం ఆమె చేతుల మీదుగా వెళ్లలేదు. సొంత పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద కూడా ఎర్ర సిరాతో డి.డిస్ అని రాసి దాచుకుంది.

"ఇవి కాగితాలు కావు మేడం. పని చేసేటప్పుడు కంప్యూటరు తనకోసం తను రాసుకున్నవి. పనయ్యాక పారేయడం మర్చిపోయింది."

"కంప్యూటరు ఎవురిది?"

"ఆఫీసుది."

"రాసుకునింది ఆఫీసు టయాములోనేనా?"

"అవును."

"అట్లయితే ఆఫీసు రికార్డే కదప్పా. చెయ్యి తీయి ముందు."

తవిటినాయుడు చెయ్యి తీశాడు. వింతేమిటంటే, లోపల ఎక్కడో చిన్న ఊరట కలిగింది. ఆ ఊరటను అతను గుర్తుపట్టాడు. తర్వాత ఆలోచిద్దామని పక్కన పెట్టాడు. అలా పక్కన పెట్టినవి అతనిలో చాలా ఉన్నాయి.

విషయం ఉప సంచాలకులు పేర్రాజు గారి దాకా వెళ్లింది. పేర్రాజు గారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చీటీ చించి బుట్టలో పడేశారట. సాయంత్రం పై అధికారి సరిగ్గా ఆ చీటీయే అడిగారట. ఇరవై ఆరేళ్ల కిందటి మాట. అప్పటి నుంచీ ఆయన బస్సు టికెట్టు కూడా పారేయలేదు. చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి, గుండె దగ్గర ఏదో వాపు వచ్చినట్టు కనిపించేది.

"మీ ఆదుర్దా నాకు తెలుసండీ నాయుడుగారూ. నాకూ పెళ్లయింది," అన్నారాయన. "కానీ సదరు ఫైళ్లు అనవసరమైనవని నిర్ణయించింది ఎవరండీ?"

"కంప్యూటరేనండి."

"దాని హోదా ఏంటండీ? గెజిటెడా?"

"కాదండి."

"మరింకే. నాన్‌గెజిటెడు వారికి రికార్డు ధ్వంసం చేసే అధికారం దఖలు పడలేదండి. కమిటీ వేద్దాం."

'అనావశ్యక దస్త్రముల పరిశీలన, వర్గీకరణ మరియు తొలగింపు కమిటీ' ఆ సాయంత్రమే పుట్టింది. పేర్రాజు గారు అధ్యక్షులు, దమయంతి సభ్యురాలు, తవిటినాయుడు కన్వీనరు మరియు సదరు దస్త్రముల సంరక్షకుడు. ఆ ఉత్తర్వును తవిటినాయుడే టైపు చేశాడు. కార్యాలయంలో ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే కాబట్టి అందులోనే చేశాడు. ఉత్తర్వు ప్రతులు పై కార్యాలయంతో సహా పదకొండు మందికి వెళ్లాలి. ఒకటి కొట్టి పదకొండు కాగితాలు తీస్తానంటే దమయంతి ఒప్పుకోలేదు. ఎవరి ప్రతి వాళ్లకు విడిగా ఉండాల్సిందే. ఉన్న కొంచెం చోటులో పదకొండు ఫైళ్లు చేరాయి. వాటిని తుడిచే అధికారమూ ఇప్పుడు కమిటీదే.

రెండో సమావేశంలో చదవడం మొదలైంది. చదవకుండా వర్గీకరించడం ఎలా? తవిటినాయుడు మొదటి ఫైలు తెరిచాడు. చిన్న చిన్న చదరాలు, ప్రశ్నార్థకాలు, ఏ భాషకూ చెందని కొమ్ములు, మధ్యలో ఉన్నట్టుండి ఏడు అంకె ఒకటి. ముద్రించి ముగ్గురి ముందూ పెట్టాడు. పేర్రాజు గారు కళ్లజోడు సర్దుకుని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చూపుడువేలు జరుపుతూ చదివారు.

"అధికార భాషలో లేదండి ఇది," అన్నారు చివరకు. "అనువాదం జతపరచవలెనని రాయండి."

"సంతకం కూడా లేదు సార్," అంది దమయంతి.

"ఈ ఏడు ఏంటండీ నాయుడుగారూ?"

"ఏమీ కాదండి. ఊరికే పడింది."

"ఊరికే ఏదీ పడదండి," అన్నారు పేర్రాజు గారు. ఆయన చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్లింది.

ఒక్కో ఫైలుకి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. తవిటినాయుడు కాగితం అంచున గుణించి చూశాడు. ఈ లెక్కన ఏడేళ్ల పైచిలుకు. అప్పటికి పేర్రాజు గారు రిటైరై మూడేళ్లవుతుంది. కానీ ఆ గదిలో ఎవరికీ తొందరలేదు. ఆ కొమ్ముల్లో, చదరాల్లో ఎవరి భయం వాళ్లకు కనబడుతున్నట్టుంది. దమయంతికి తను ఎక్కడో పెట్టడం మర్చిపోయిన సంతకం కనబడుతోంది. పేర్రాజు గారికి ఆ చీటీ కనబడుతోంది. తనకేం కనబడుతోందో తవిటినాయుడికి తెలుసు. రోజూ ఒంటిగంటకు, తను టిఫిను డబ్బా ముందు, ఝాన్సీ స్టాఫ్ రూములో, అరగంట మాట్లాడుకుంటారు. అరగంటకు సరిపడా కబుర్లు కూడబెట్టుకోవడం ఇద్దరికీ బాగా అలవాటైంది. రేపు ఒకే ఇంట్లో ఉంటే, ఒంటిన్నర తర్వాత ఏం మాట్లాడాలి?

"ఏటండీ, ఇంకా తుడవనేదా ఆ చెత్త?" అంది మర్నాడు ఝాన్సీ.

"కమిటీ వేశారు."

"చెత్త తుడవడానికా?"

"తుడవొచ్చో లేదో చూడ్డానికి."

"మా బళ్లో నల్లబల్ల తుడవడానికి కూడా ఓ కమిటీ ఏయించండి. సిలబస్ మిగిలిపోద్ది, పిల్లలు సుఖపడతారు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మూడో సమావేశంలో, ప్రజా సంస్థ రికార్డు గనక ప్రజలను కూడా అడగాలని తేలింది. గోడకు నోటీసు అంటించారు. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈ కార్యాలయమునందు గల 41,316 దస్త్రములు, వాటియందు ఏమి గలదో తెలియనివి, తొలగింప ప్రతిపాదించడమైనది. అభ్యంతరములు గలవారు ఏడు దినములలోగా తెలుపుకొనవలెను.' తవిటినాయుడు రోజూ ఆ నోటీసు ముందునుంచి నడిచాడు. ఆరు రోజులు ఎవరూ రాలేదు. ఏడో రోజు సాయంత్రం నాలుగున్నరకు రెడ్డెప్ప వచ్చాడు.

రెడ్డెప్ప చింతపండు కొని అమ్మే మనిషి. చేతిలో గొడుగు, చంకలో ప్లాస్టిక్ సంచి.

"సార్, నేనేమీ పెద్దగా చదువుకున్నోణ్ణి కాదు. పదకొండేండ్ల కింద సబ్సిడీ కాటా కోసరం అర్జీ ఇస్తి. జవాబు రాలే. ఇప్పుడేమో దాంట్లో ఏముండాదో తెలీకుండానే పారేస్తామని గోడకు కొడితిరి. నా అర్జీ దాంట్లో లేదని రాసిస్తారా?"

లేదని రాసివ్వగల మనిషి ఆ కార్యాలయంలో లేడు. తవిటినాయుడు లేచి, మూలనున్న స్టీలు బీరువా తెరిచి, రెండు నిమిషాల్లో ఒక పసుపు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెడ్డెప్ప అర్జీ అదే.

"ఇదే సార్! నా వేలిముద్ర కూడా ఉండాది!"

"ఇది కాగితం మీది అర్జీ అండి," అన్నారు పేర్రాజు గారు నెమ్మదిగా. "మీ అభ్యంతరం కంప్యూటరులోని అర్జీ గురించి. రెంటినీ కలపకూడదు. ఈ కాగితం వేరే సెక్షను. అభ్యంతరంలో బలమున్నది గనక, సదరు అర్జీ దొరికేవరకూ గానీ, దొరకదని రుజువయ్యే వరకూ గానీ యథాతథ స్థితి."

రెడ్డెప్ప గెలిచానో ఓడానో తెలియని ముఖంతో గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

పదిహేనో రోజు వచ్చింది. సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది. ఒంటిగంటకు అందరూ భోజనాలకు వెళ్లారు. తవిటినాయుడు కంప్యూటరు ముందే కూర్చుని ఫోను ఎత్తాడు.

"ఈయాలే కదండీ ఆఖరు?" అంది ఝాన్సీ.

"అవును. రేపు నాలుగో సమావేశం ఉంది. అందులో..."

"కమిటీ సంగతి నానడగనేదు. మీకు రావాలనుందా, లేదా?"

ఆరేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అతనూ తనని అడుక్కోలేదు. పోస్టింగు అడ్డం, రూల్సు అడ్డం, ఇప్పుడు నలభై ఒక్క వేల ఫైళ్లు అడ్డం. అడ్డం ఉన్నంతకాలం ఆ ప్రశ్న దాని వెనకాల హాయిగా నిద్రపోయింది. ఆ రోజు దమయంతి చెయ్యి తీయమన్నప్పుడు కలిగిన ఊరట ఎందుకో ఇప్పుడు అతనికి అర్థమైంది. తను మిగతా ఇద్దరికన్నా గొప్పవాడేం కాదు. కమిటీలో అసలైన సభ్యుడు తనే.

"ఉంది," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఉంది ఝాన్సీ."

"అయితే నొక్కండి."

ఫోను చెవి దగ్గర ఉండగానే నొక్కాడు. నాలుగు నిమిషాలు పట్టింది. పిడుగు పడలేదు. బీరువాలు కూలలేదు. పచ్చటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకి మాయమైంది. రెండింటికల్లా దరఖాస్తు వెళ్లిపోయింది.

మర్నాడు కంప్యూటరు ఒక్క నిమిషంలో కళ్లు తెరిచింది.

"ఏంటండీ ఇది? దీని ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు పేర్రాజు గారు కంగారుగా.

"కమిటీ ఏసినాక దానికీ బయం పుట్టింది సార్," అంది దమయంతి.

కమిటీ ఆ తర్వాత ఇంకో మూడుసార్లు సమావేశమైంది. ముందే ముద్రించి పెట్టుకున్న పుటలనే చదివారు. ఫైళ్లు లేని లోటు ఎవరికీ తెలియలేదు.

జూను నెలాఖరుకి ఉత్తర్వు వచ్చింది. తవిటినాయుడిని పాలకొండకు బదిలీ చేయడమైనది. ఏడు రోజులలోగా చేరవలెను. చేరనిచో ఉత్తర్వు దానంతటదే రద్దగును. తవిటినాయుడు అక్కడిదాకా చదివి గాల్లో తేలాడు. తర్వాత రెండో పేరా చదివాడు. సదరు ఉద్యోగి 41,316 దస్త్రములకు సంరక్షకుడైనందున, వాటిని లెక్క ప్రకారము సూపరింటెండెంటు వారికి అప్పగించి, రసీదు పొందిన పిమ్మటే విధులనుంచి విడుదల కావలెను.

"బాగుంది," అంది దమయంతి, అప్పగింత పత్రం మూడు ప్రతులు పరుస్తూ. "లోపల ఏముండాదో మనకెట్లా తెలీదు. లెక్క చూపించు, సంతకం పెట్టేస్తా."

తవిటినాయుడు లెక్క తెరిచి చూపించాడు. తెర మీద నలభై ఆరు.

దమయంతి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఇంకా నలభై ఆరే.

"తుడిచేశాను మేడం. ఆఖరి రోజు. నేనే."

ఆమె వెంటనే లేచి తలుపు మూసింది. "గట్టిగా అనొద్దు. నేను వింటే రిపోర్టు రాయాల. రాస్తే నీకు సస్పెన్షను. నాకు మూడేండ్లు ఆ ఫైలు మొయ్యాల." బల్ల మీద వేళ్లతో కొట్టింది. "పోయినవి మళ్లీ రావా?"

"రావు మేడం."

"అవి అసలు ఎట్ల వచ్చినాయి?"

"కంప్యూటరు వాడితే వచ్చాయి."

"అట్లయితే వాడు," అంది దమయంతి. "పత్రంలో ఏముండాది? లెక్క ప్రకారము అని ఉండాది. పాతవే కావాలని ఉండాదా?"

తవిటినాయుడు పత్రం చదివాడు. లేదు.

ఆ రోజు నుంచి చింతపండు అభివృద్ధి మండలిలో ఎన్నడూ లేని పని మొదలైంది. ఏళ్ల తరబడి పేరుకున్నంత చెత్తను ఆరు రోజుల్లో తయారుచేయాలి. తవిటినాయుడు ఇంటర్నెట్టులో పేజీలు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. వార్తల పేజీ ఒకటి తెరిస్తే ఎనభై ఫైళ్లు రాలిపడేవి. వంటల పేజీకి నూట యాభై. సర్కారు వారి వెబ్‌సైటు ఒక్కసారి తెరిస్తే మూడు వందలు. అంత ఫలసాయం ఇంకెక్కడా లేదని కనిపెట్టాక పని ఊపందుకుంది. దమయంతి తన వంతుగా కంప్యూటరులో పేకాట ఆడింది. చెత్త తక్కువే వచ్చింది గానీ ఆమె ఆపలేదు. కాటా సంగతి కనుక్కుందామని వచ్చిన రెడ్డెప్పను కూడా కూర్చోబెట్టారు.

"ఏం చెయ్యాల సార్?"

"మీ ఇష్టం. ఊరికే చూస్తూ ఉండండి."

రెడ్డెప్ప అన్ని ఊళ్ల మార్కెట్లలో చింతపండు ధరలు చూశాడు. తర్వాత కాటాల బొమ్మలు చూశాడు. పెద్దవి, చిన్నవి, రైలుపెట్టెలను తూచేవి. "మా యబ్బ! ఇన్ని రకాలా!" అంటూ మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఒక్కడే రెండు వేల ఫైళ్లు పుట్టించాడు. పదకొండేళ్లలో ఆ కార్యాలయం అతనికి చేసిన మొదటి ఉపకారం బహుశా అదే.

నాలుగో రోజుకి కంప్యూటరు మళ్లీ ఇరవై నిమిషాలు తీసుకోవడం మొదలుపెట్టింది. పేర్రాజు గారు గుమ్మంలో నిలబడి చూసి, పొడుగ్గా ఊపిరి వదిలారు. "హమ్మయ్య. మామూలైందండి. మొన్నటి నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు."

ఆరో రోజు, సాయంత్రం నాలుగు. రైలు ఆరింటికి. దమయంతి కలం తీసి కూర్చుంది. తవిటినాయుడు లెక్క తెరిచాడు. నలభై ఒక్క వేల మూడు వందల పన్నెండు.

"నాలుగు తక్కువ," అంది దమయంతి. "తక్కువ తీసుకుంటే నా జీతంలో పట్టుకుంటారు."

అతను ఇంకో చిన్న పేజీ తెరిచి మూసి మళ్లీ లెక్క చూశాడు. మూడు వందల ఇరవై.

"నాలుగు ఎక్కువ. ఎక్కువ తీసుకుంటే విచారణ. ఎక్కడివని అడుగుతారు."

తవిటినాయుడు నాలుగు ఏరి తుడిచాడు. లెక్క తెరిచాడు. మూడు వందల పద్దెనిమిది.

"ఏంది ఇది! నన్ను చూసి పెరుగుతా ఉండాది!"

"లెక్కపెట్టిన ప్రతిసారీ, లెక్కపెట్టానని అది ఇంకో రెండు రాసుకుంటుంది మేడం."

దమయంతి దానివైపు మొదటిసారి గౌరవంగా చూసింది. "మన మనిషే," అంది.

నాలుగున్నర. అతను నాలుగు తుడిచాడు. ఇంక తెరిచి చూస్తే సరిగ్గా పదహారు చూపించాలి. కానీ ఆమె కళ్లద్దాలు సర్దుకుని, పత్రం తిప్పి, కలం విదిలించే లోపు అది ఇంకేమైనా రాసుకోవచ్చు. దమయంతి లేచి గోడ దగ్గరికి వెళ్లి వంగింది. ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"తెరువు. పదహారు అని నీ నోట రావాల. అంతే."

తెరిచాడు. "పదహారు!"

దమయంతి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. ఆమె తిరిగొచ్చి మూడు ప్రతుల మీదా సంతకం పెట్టింది.

ఆ సంఖ్య ఇంక మారకుండా చూడటం ఎలా అన్న సమస్యను పేర్రాజు గారు స్వయంగా పరిష్కరించారు. కంప్యూటరును తెల్లగుడ్డలో చుట్టించి, దారం కట్టించి, నాలుగు చోట్ల లక్క కరిగించి సీలు వేయించారు. చీటీ మీద ఆర్.డిస్ అని దమయంతి ఎర్ర సిరాతో రాసింది. సృష్టి ఉన్నంతకాలం. కొత్త కంప్యూటరు కావాలనే ప్రతిపాదన చేత్తో రాశారు, పదకొండు ప్రతులు.

"వెళ్లిరండి నాయుడుగారూ," అన్నారు పేర్రాజు గారు సీలు వైపే చూస్తూ. "ఇప్పుడు ప్రశాంతంగా ఉందండి."

మర్నాడు పొద్దు వాలే వేళకు తవిటినాయుడు పాలకొండలో బస్సు దిగాడు. ఏడో రోజు. ముందు ఆఫీసుకి వెళ్లి చేరినట్టు సంతకం పెట్టి, ఆ తర్వాతే ఇంటికి నడిచాడు. ఝాన్సీ తలుపు తీసింది. ఫోటోలో కన్నా కొంచెం పొట్టిగా, ఫోనులో కన్నా కొంచెం బిడియంగా ఉంది.

"రండి," అంది.

రెండు గదులు. ఒక్క మనిషి ఆరేళ్లు ఉన్న ఇల్లు. ఒక కంచం, ఒక గ్లాసు, మంచం మీద ఒక వైపే నలిగిన పరుపు. రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఆమెది. రెండోదాని మీద పాత పరీక్ష పేపర్ల కట్టలు, క్యాలెండర్లు, అట్టలూడిన నోటు పుస్తకాలు, ఏదో పెళ్లి శుభలేఖలు మోకాలెత్తున ఉన్నాయి. పెట్టె పట్టుకుని తవిటినాయుడు గది మధ్యలో నిలబడ్డాడు. అన్నీ ఎప్పటివో, ఎన్ని ఉంటాయో, ఎందులో ఏముందో.

"అవసరమైనవేమో," అన్నాడు. "నెమ్మదిగా చూసి, ఏవి ఉంచాలో, ఏవి..."

ఝాన్సీ ఆ గుట్ట మొత్తాన్ని రెండు చేతులా ఎత్తి, గెడ్డంతో అదిమిపట్టి, వీధి అరుగు మీదికి తీసుకెళ్లి దబ్బున పడేసి వచ్చింది. ఒక్క కాగితం కూడా తిప్పి చూడలేదు. కొంగుతో కుర్చీ దులిపింది.

"కూకోండి," అంది.